ఊరు కదిలిన ఉద్యానం

ఇంగ్లండులోని డెర్బీ నగరానికి వాయవ్య దిశలో, కొద్ది మైళ్ల దూరంలో, కెడిల్‌స్టన్ అనే పురాతన ఎస్టేటు ఉన్నది. వేసవి ఆదివారాలలో అక్కడి పచ్చిక మైదానాలకు కుటుంబాలు తరలివస్తాయి. చెట్ల నీడన దుప్పట్లు పరచుకొని తెచ్చుకున్న ఫలహారాలు ఆరగించేవారు కొందరు, చెరువు గట్టు వెంట నడిచేవారు కొందరు. మైదానంలో గొర్రెలు మేస్తూ ఉంటాయి. వాటి వెంట పరుగెత్తబోయే పిల్లలను పెద్దలు వారిస్తూ ఉంటారు.

డెర్బీలో వైద్యవృత్తిలో స్థిరపడిన ఒక తెలుగు దంపతులకు ఈ స్థలం చిరపరిచితం. తొమ్మిదేళ్ల కూతురు, అయిదేళ్ల కొడుకు అక్కడి ప్రతి దిబ్బనూ ఎక్కి దిగినవారే. ఒక ఏడాది ఆ ఇల్లాలి తల్లిదండ్రులు ఆలంపురం ప్రాంతం నుంచి వచ్చి ఆరు నెలలు వారితో గడిపారు. తండ్రి విశ్రాంత చరిత్రోపాధ్యాయుడు. ఆ వేసవిలో కుటుంబమంతా మూడు పర్యాయాలు కెడిల్‌స్టన్‌కు వెళ్లింది.

మొదటి పర్యాయం కేవలం విహారమే. అవ్వ తెల్లవారుజామున లేచి చేసిన జొన్నరొట్టెలు, పల్లీల పొడి, పులిహోర చెట్టు కింద తిన్నారు. మూడు కమానుల రాతి వంతెన మీద నిలబడి బాతులను చూశారు. భవనం ముందరి పచ్చిక అంచున మనవడొక వింత కనిపెట్టాడు. దూరం నుంచి చూస్తే నేల ఏకఖండంగా, గొర్రెలు మేసే మైదానం దాకా సాగిపోయినట్లే ఉంటుంది. దగ్గరకు వెళితే లోతైన కందకం, దానికి లోపలివైపు నిలువెత్తు గోడ కనిపిస్తాయి. పశువులు లోపలికి రాకూడదు, భవనంలోని వారి కంటికి కంచె అడ్డురాకూడదు. ఈ రెండు ప్రయోజనాల కోసం పద్దెనిమిదవ శతాబ్దపు ఆంగ్ల ప్రభువులు అనుసరించిన ఉపాయమిది. “తాతా, ఈ గోడ భూమిలో దాక్కుంది!” అని ఆ పసివాడు కేక వేశాడు.

రెండవ పర్యాయం వాన పట్టుకున్నది. అందరూ భవనంలోకి వెళ్లారు. సర్ నథానియల్ కర్జన్ 1759లో ప్రారంభించిన ఈ నిర్మాణానికి తుది రూపం ఇచ్చినవాడు ప్రసిద్ధ వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్. ఉద్యానంలోని వంతెన కూడా ఆయన కల్పనే. లోపలి ప్రధాన మందిరంలో ఇరవై పాలరాతి ఛాయల స్తంభాలు బారులు తీరి ఉన్నాయి. మధ్యభవనం నుంచి వంపు తిరిగిన నడవాలతో నాలుగు దిక్కులకూ నాలుగు పార్శ్వభవనాలు విస్తరించాలన్నది మొదటి సంకల్పం. నిర్మించగలిగినవి మాత్రం రెండే. ఈ నమూనాను ఆధారం చేసుకొని గవర్నర్ జనరల్ వెల్లస్లీ 1799, 1803 సంవత్సరాల మధ్య కలకత్తాలో ప్రభుత్వ భవనాన్ని కట్టించాడు. డెర్బీషైరులో కాగితానికే పరిమితమైన ఆ రెండు పార్శ్వాలు కలకత్తాలో రూపు దాల్చాయి. ఆ భవనం నేడు పశ్చిమ బెంగాల్ గవర్నరు అధికార నివాసం.

వంద సంవత్సరాల తరువాత ఈ ఇంటి బిడ్డే ఆ ఇంటికి అధిపతిగా వెళ్లాడు. 1899 నుంచి 1905 వరకు వైస్రాయిగా ఉన్న లార్డ్ కర్జన్ జన్మించినది కెడిల్‌స్టన్‌లోనే. 1905లో బెంగాలును విభజించి దేశమంతటా ఆగ్రహాన్ని రగిల్చినవాడు ఆయన. శిథిలమవుతున్న ప్రాచీన కట్టడాలకు 1904లో రక్షణ చట్టం తెచ్చినవాడూ ఆయనే. పాఠం చెప్పేటప్పుడు తాత ఈ రెండు విషయాలనూ ఒకే పీరియడులో చెప్పేవారు. ఒకటి చెప్పి మరొకటి వదిలితే చరిత్ర కాదని ఆయన అభిప్రాయం.

ఆసియా దేశాల నుంచి కర్జన్ తెచ్చిన దంతపు పనులు, వెండి సామాను, ఆయుధాలు కింది అంతస్తులో ప్రదర్శించి ఉన్నాయి. 1903 ఢిల్లీ దర్బారు సందర్భంగా లేడీ కర్జన్ ధరించిన నెమలి ఈకల గౌను కూడా ఈ ఇంటి సంపదలో చేరినదే. పారిస్‌లో కుట్టిన ఆ దుస్తు మీద జరీపని చేసినవారు భారతీయ కళాకారులు. ప్రతి ఈక కన్నులోనూ పచ్చగా మెరిసేది ఒక జాతి పురుగు రెక్క. అవ్వ దాని వివరాలు విని, “ఎన్ని కండ్లు పోయినయో దీనికి!” అన్నది. నెమలి కన్నుల సంగతి కాదది. సూది పట్టిన మనుషుల కన్నుల సంగతి.

అక్కడి సిబ్బందిలో ఒక వృద్ధురాలు మాటల సందర్భంలో మరొక విషయం చెప్పింది. ఇప్పుడు పచ్చిక ఉన్న చోట పూర్వం కెడిల్‌స్టన్ గ్రామం ఉండేది. కొత్త భవనం ముందు నిరాటంకమైన దృశ్యం కావాలని యజమాని ఊరిని అక్కడి నుంచి తీసివేయించాడు. బాటను కూడా దూరంగా మళ్లించారు. చిన్న వాగుకు అడ్డుకట్టలు వేసి చెరువును తీర్చారు. పాత ఊరి గుర్తుగా మధ్యయుగపు చర్చి ఒక్కటే భవనం పక్కన నిలిచిపోయింది. అల్లుడు ఈ మాటలను తెలుగులో చెప్పగా తాత విని, ఏమీ అనలేదు.

ఆయన స్వగ్రామం కృష్ణాతీరంలో ఉండేది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం అప్పటి కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో దాదాపు నూరు గ్రామాలను ఖాళీ చేయించినప్పుడు అదీ నీట మునిగింది. అప్పటికి ఆయనకు ఉపాధ్యాయుడిగా ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విడదీసి ఆలంపురంలో తిరిగి నిలిపారు. అక్కడి నవబ్రహ్మ ఆలయాలకు ముంపు రాకుండా రక్షణకట్ట నిర్మించారు. దేవాలయాలకు దక్కిన ఆ శ్రద్ధ ఇళ్లకు దక్కలేదు. దూలాలు, వాసాలు విప్పుకొని, బండి కట్టుకొని జనం తలా ఒక దిక్కుకు వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక ఆయన అల్లుడితో చాలాసేపు మాట్లాడారు. ఒక ప్రభువు కిటికీలోంచి కనబడే దృశ్యానికీ, ఒక రాష్ట్రానికి కావలసిన విద్యుత్తుకూ, సాగునీటికీ సాపత్యం లేదని ఆయనే అన్నారు. కాని బండి కట్టినవారికి ఆ తేడా వల్ల కలిగిన ఊరట స్వల్పమని కూడా అన్నారు. ఆయనను ఆశ్చర్యపరచినది మరొకటి. రెండున్నర శతాబ్దాలు గడిచిన తరువాత కూడా, అక్కడ ఒక ఊరు ఉండేదని సందర్శకులకు చెప్పే మనిషి ఒకరున్నారు.

ఆ ఏర్పాటు దానంతట అది వచ్చినది కాదు. చారిత్రక స్థలాలను, ప్రకృతి సౌందర్యం గల భూములను ప్రజల కోసం కాపాడాలని 1895లో ఇంగ్లండులో నేషనల్ ట్రస్టు ఏర్పడింది. కెడిల్‌స్టన్ 1987లో దాని అధీనంలోకి వచ్చింది. తన సంరక్షణలోని స్థలాలకు వలసపాలనతోను, బానిస వ్యాపారంతోను గల సంబంధాలను వివరిస్తూ ట్రస్టు 2020లో ఒక నివేదిక ప్రకటించింది. అందులో 93 స్థలాల ప్రస్తావన ఉంది. కెడిల్‌స్టన్ వాటిలో ఒకటి. ఆదివారం విహారానికి వచ్చినవారికి ఈ గొడవ ఎందుకని ఆక్షేపించినవారు బ్రిటన్‌లో ఎందరో ఉన్నారు. విహారానికీ చరిత్రకూ విరోధం లేదని సమర్థించినవారూ ఉన్నారు.

మూడవ పర్యాయం వెళ్లింది ప్రయాణానికి వారం రోజుల ముందు. తాత నేరుగా చర్చి వద్దకు నడిచారు. కర్జన్ దంపతుల తెల్ల చలువరాతి ప్రతిమలు పక్కపక్కన శయనించి ఉన్నది అక్కడే. ఆయన మాత్రం వెలుపలే నిలబడి, ద్వారం నుంచి బాట ఎటు వెళ్లి ఉంటుందో, ఇళ్లు ఏ వరుసలో ఉండి ఉంటాయో అంచనా వేయసాగారు. మనవరాలు తన పుస్తకంలో చర్చిని గీసి, చుట్టూ ఊహించిన ఇళ్లు గీసింది. తరువాత ఒక తెల్లకాగితం ఆయన ముందు పెట్టి, “ఇప్పుడు మీ ఊరు గీయి తాతా” అన్నది.

ఆయన పచ్చిక మీద కూర్చొని ముందుగా నదిని గీశారు. తరువాత రావికట్ట, ఆంజనేయస్వామి గుడి, చేదబావి, బడి. బడి నుంచి తమ ఇంటి వరకు ఒక్కొక్క ఇల్లూ పేరు రాస్తూ వచ్చి, ఒకచోట ఆగిపోయారు. బావికీ తమ ఇంటికీ మధ్య మూడిళ్లు ఉండాలి. రెండే గుర్తుకు వస్తున్నాయి. చాలాసేపు ఆలోచించారు.

అవ్వదీ ఆ ఊరే. ఆమె పులిహోర గిన్నె మూతపెట్టి, కాగితం వైపు వంగి చూసింది. “గాజుల రంగమ్మ ఇల్లు మరిచిపోతివా? వాకిట్ల దానిమ్మ చెట్టు ఉండె గద” అన్నది.

ఆయన ఆ ఇంటిని గీశారు. మనవరాలు పక్కన దానిమ్మ చెట్టు వేసి, ఎర్ర రంగు పెన్సిలు కోసం తమ్ముడిని కేక వేసింది.