రెండో పొయ్యి

సోనీ వాళ్లు చేతిలో పట్టుకుని ఆడుకునే కొత్త ప్లేస్టేషన్ తెస్తే నడుస్తుందా, నడవదా? ఈ మధ్య మా ఇంట్లో భోజనాల దగ్గర ఇదే చర్చ. అలాంటిది తయారవుతోందని 2024 చివర్లో వార్తలొచ్చాయి. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి రెండేళ్లుగా కూడబెట్టుకున్న డబ్బు ఉంది. దాంతో ఇప్పుడే నింటెండో వాళ్ల స్విచ్ 2 కొనుక్కోవాలా, సోనీది వచ్చేదాకా ఆగాలా అన్నది వాడి సమస్య. మావారు మాత్రం "చేతిలో ఫోన్ ఉండగా ఇంకో డబ్బా ఎందుకురా" అని ఒక్క మాటలో తేల్చేస్తారు.

నాకు ఆ ఆటలు ఆడటం రాదు. కానీ ఇంట్లోకొచ్చిన వస్తువు రోజూ వాడకంలో ఉంటుందా, ఆర్నెల్లకు అటకెక్కుతుందా అన్న లెక్క మాత్రం మనకు బాగానే తెలుసు కదా! జ్యూసర్లు, రోటీ మేకర్లు ఎన్నిటిని చూడలేదు మనం? అందుకే మావాడి దగ్గర కూర్చుని ఈ బుల్లి యంత్రాల కథంతా చెప్పించుకున్నాను. వింటే ముచ్చటేసింది. అచ్చం వంటింటి లెక్కే.

1989లో నింటెండో గేమ్ బాయ్ వచ్చింది. రంగులు లేవు, తెరలో వెలుగు కూడా లేదు. దాని వెనకున్న గున్‌పే యోకోయ్ అనే ఆయన పద్ధతి ఏమిటంటే, బాగా అలవాటైపోయి చవకైన పాత సరుకుతోనే కొత్త ఆలోచన చేయడం. మరుసటి ఏడాదే సెగా వాళ్లు రంగుల తెరతో గేమ్ గేర్ తెచ్చారు. చూడ్డానికి ఎంతో బాగుంది, కానీ ఆరు బ్యాటరీలు వేస్తే నాలుగైదు గంటలకే అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి నడిచేది. చివరికి గేమ్ గేర్ కోటి పైచిలుకు దగ్గర ఆగిపోతే, గేమ్ బాయ్, దాని రంగుల తమ్ముడు కలిపి దాదాపు 12 కోట్లు అమ్ముడయ్యాయి. ఊరికే తినే వస్తువుని ఏ ఇల్లాలు మాత్రం ఎన్నాళ్లు పోషిస్తుంది చెప్పండి?

సోనీకి ఈ దారి కొత్తేమీ కాదు. 2004లో జపాన్‌లో మొదలైన పీఎస్పీ సుమారు 8 కోట్లు అమ్ముడైంది. అక్కడ దాన్ని నిలబెట్టింది 'మాన్‌స్టర్ హంటర్' అనే ఆటట. నలుగురు స్నేహితులు ఒక చోట చేరి, ఎవరి యంత్రం వాళ్లు పట్టుకుని, కలిసి వేటాడే ఆట. ఒకడి దగ్గరుంటే మిగతా ముగ్గురికీ కావాల్సిందే మరి!

తర్వాత 2011 డిసెంబరులో వీటా వచ్చింది. అందమైన తెర, మంచి బలం, ధర 250 డాలర్లు. అయితే ఆటలు దాచుకోవడానికి మామూలు మెమరీ కార్డు పనికిరాదు, సోనీ వాళ్లదే కొనాలి. 32 జీబీ కార్డు ఒక్కటే 100 డాలర్లు! అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, అలాగన్నమాట. పైగా వీటా విడుదలకు సరిగ్గా వారం ముందు ఆ మాన్‌స్టర్ హంటర్ కొత్త ఆట పోటీ కంపెనీ నింటెండో 3డీఎస్ మీద వచ్చేసింది. సోనీ తన సొంత పెద్ద ఆటలన్నీ టీవీకి పెట్టే ప్లేస్టేషన్‌కే వండుకుంటూ, వీటాకి అడుగూ బొడుగూ వడ్డించింది. కోటిన్నర లోపే అమ్ముడై ఉంటుందని అంచనాలు. 2019లో తయారీ ఆపేశారు.

"ఫోన్లొచ్చాయి కాబట్టే వీటా పోయింది" అన్నారు మావారు. నేనొప్పుకోలేదు. ఆ 3డీఎస్ కూడా ఫోన్ల మధ్యనే పుట్టింది కదా! మొదట 250 డాలర్లు పెడితే ఎవరూ కొనలేదు. ఆర్నెల్లు తిరక్కుండానే 170కి తగ్గించారు, అధ్యక్షుడు ఇవాటా తన జీతం సగానికి కోసుకున్నాడు, మంచి ఆటలు వరసగా దించారు. చివరికి ఏడున్నర కోట్లు దాటింది. ఫోన్ ఇద్దరికీ శత్రువే. ఒకరు బిడ్డను ఎత్తుకుని కాపాడుకున్నారు, ఇంకొకరు సవతి ప్రేమ చూపించారు.

నాకు బాగా నచ్చిన సంగతి ఆ తర్వాతది. నింటెండో వాళ్లకీ రెండు పొయ్యిలే ఉండేవి. టీవీ యంత్రం ఒకటి, చేతి యంత్రం ఒకటి. 2013లో ఆ రెండు యంత్రాలు తయారుచేసే విభాగాలనూ కలిపేశారు. 2017లో స్విచ్ వచ్చింది. టీవీ దగ్గర పెడితే పెద్ద తెర మీద, చేతిలోకి తీస్తే బస్సులో, ఆట ఒకటే. ఒక్క పొయ్యి మీద వండిన వంటే ఇంట్లోకీ, క్యారియర్‌లోకీ. 15 కోట్లు దాటి అమ్ముడైందంటే ఆశ్చర్యమేముంది?

సోనీ 2023లో తెచ్చిన పోర్టల్ సంగతీ మావాడు చెప్పాడు. వచ్చినప్పుడు ధర 200 డాలర్లు. చేతిలోనే ఉంటుంది గానీ ఆట నడిచేది ఇంట్లో ఉన్న పీఎస్5లోనే, వైఫై ద్వారా బొమ్మ మాత్రం దీనికి వస్తుంది. తర్వాత ఖరీదైన చందా కట్టినవాళ్లకు క్లౌడ్ నుంచి ఆడే వీలు కల్పించారు గానీ దానికీ నెట్ కావాల్సిందే. అత్తయ్యగారి సీరియల్ వేళకు టీవీ ఖాళీ చేయడానికి ఇది బాగానే పనికొస్తుంది. రైలెక్కితే మాత్రం ఖాళీ క్యారియరే.

మరి పీఎస్5 ఆటలనే నేరుగా చేతి యంత్రంలో పెట్టొచ్చు కదా అంటే, అక్కడ కరెంటు లెక్క అడ్డొస్తుంది. పీఎస్5 పెద్ద ఆటలు ఆడేటప్పుడు 200 వాట్ల దాకా లాగుతుంది, మన పాత సీలింగ్ ఫ్యాన్లు రెండు మూడు తిరిగినంత. వాల్వ్ కంపెనీ వాళ్ల స్టీమ్ డెక్ అనే చేతి యంత్రంలో మొదట పెట్టిన బ్యాటరీ 40 వాట్ అవర్లు. దాంతో పీఎస్5ని నడిపితే 12 నిమిషాలు! అంటే పాత ఆటలన్నిటినీ తక్కువ కరెంటుతో ఆడేలా సర్దాలి. 2025లో సోనీ కొన్ని ఆటలకు పవర్ సేవర్ అనే పద్ధతి పెట్టింది. చేతి యంత్రానికి ముందుగా పప్పు నానబోస్తున్నారని మావాడి నమ్మకం. కావచ్చు.

ఇక నా తీర్పు. సోనీ గెలవగలదు, కానీ రెండో పొయ్యి వెలిగించకుండా ఉంటేనే. ఇప్పటికే డబ్బు పెట్టి కొన్న ఆటలు మళ్లీ కొనకుండా ఇందులో ఆడాలి. బజార్లో దొరికే మామూలు కార్డు పట్టాలి. నెట్ లేకపోయినా నడవాలి. ఈ మూడూ ఉంటే ఇప్పటికే పీఎస్5 ఉన్న ప్రతి ఇల్లూ దానికి చుట్టమే. వీటిలో ఏది తప్పినా, ఎంత అందమైన తెర పెట్టినా అది మరో వీటాయే.

ఆటల యంత్రం గురించి నాకెందుకింత పట్టింపు అంటారా? టీవీ ముందు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు వాడు మాకు దొరకడు. మొన్న సంక్రాంతికి స్నేహితుడి స్విచ్ అడిగి తెచ్చుకున్నాడు. నేను అరిసెలు వత్తుతుంటే వంటింటి గడప మీద కూర్చుని ఆడుకున్నాడు. మధ్యమధ్యలో ఆపి, కాలేజీలో బ్యాక్‌లాగ్ పడ్డ సంగతి, నెలరోజులుగా లోపల దాచుకున్నది, తల ఎత్తకుండానే చెప్పేశాడు. మొహంలోకి చూస్తూ చెప్పలేనివి చేతులకు పని ఉన్నప్పుడు బయటికొస్తాయి. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ మనం మన అమ్మలతో చెప్పుకోలేదూ? అలాంటిదే ఇదీ.

అందుకే "రాబోయేదాని కోసం ఆగకు, ఇవాళ ఉన్నవాటిలో చూసుకో" అన్నాను. ఎప్పుడు వస్తుందో తెలియని వస్తువు కోసం చదువుకునే ఈ నాలుగేళ్లు ఖాళీగా పెట్టుకోవడం నాకిష్టం లేదు. మరో మూడేళ్లకు వాడు ఏ ఊళ్లో ఉద్యోగం చేస్తాడో!

మీ పిల్లలు కూడా అడుగుతుంటే కొనేముందు దుకాణంలో మూడు ప్రశ్నలు వేయండి. ఒకసారి ఛార్జ్ పెడితే బరువైన ఆట ఎన్ని గంటలు? ఒక్కో ఆట ఎంత, కార్డు ఎంత? నెట్ లేకపోతే ఏం పనిచేస్తుంది? డబ్బా ధర చూసి మురిసిపోకండి. ఏడాది తిరిగేసరికి దాని తిండి ఖర్చెంతో ముందు లెక్క కట్టండి.