ఆటోక్రాసు బండికి తొలి మార్పులు

ఆటోక్రాసు అను ఆట మన ప్రాంతమున ఇంకను కొలదిమందికే పరిచితము. విశాలమైన మైదానమున రబ్బరు కోనులను నిలిపి, వంకరటింకర దారి యొకటి యేర్పరతురు. ఒక్కొక్క బండి ఒంటరిగా ఆ దారిని చుట్టి రావలెను. ప్రక్కన మరియొక బండి యుండదు, గడియారమే ప్రత్యర్థి. కోను పడద్రోసినచో పట్టిన కాలమునకు కొన్ని సెకండ్లు చేర్తురు. ఇంజను బలము చూపుటకు ఇందు చోటు తక్కువ. మలుపులందు చక్రములు నేలను విడువకుండుటయే సర్వము.

నా మేనల్లుడు మన పాఠశాల విడిచి మూడేండ్లయినది. ఇప్పుడు ఇంజనీరింగు చదువుచున్నాడు. 2023 ఫిబ్రవరి 11వ తేదీన హుస్సేన్‌సాగరు తీరమున జరిగిన ఫార్ములా ఇ విద్యుత్కార్ల పందెమును చూచినది మొదలు వానికీ వెర్రి పట్టుకొన్నది. పిల్లలకు ట్యూషన్లు చెప్పి ముప్పదివేల రూపాయలు కూడబెట్టినాడు. ఇంటనున్నది 2012వ సంవత్సరపు మారుతి స్విఫ్టు. నేను భౌతికశాస్త్రము చెప్పువాడను గనుక ఒకనాటి సాయంకాలము నాయొద్దకు వచ్చి, “మామయ్యా, దీనికి కురచ స్ప్రింగులు వేయించి క్రిందికి దింపింతును. నీవేమందువు?” అని అడిగెను.

నేను జవాబు చెప్పకమునుపే మా అక్కయ్య నన్ను లోపలికి పిలిచి, “వాని డబ్బు వాడు ఖర్చుపెట్టుకొననిమ్ము. అత్తయ్యగారి సంగతి మాత్రము మరువకుము” అనెను. అత్తయ్యగారనగా మా బావగారి తల్లి. తుంటియెముకకు శస్త్రచికిత్స జరిగిన మనిషి. నెలకు రెండుమారులు ఆసుపత్రికిని, ప్రతి ఆదివారము ఆరాధనకును ఆమెను తీసికొనిపోవునది ఈ బండియే. తిరుమలగిరినుండి సికింద్రాబాదు చేరులోపల ఎన్ని స్పీడు బ్రేకర్లు దాటవలెనో ఆమె కన్నులు మూసికొనియే చెప్పగలరు. కావున మా ముందున్న ప్రశ్న పందెమును గూర్చినది మాత్రమే కాదు.

బిగువు స్ప్రింగులు వేసిన బండి తక్కువ ఒరుగుననియు, తక్కువ ఒరిగినది నేలను ఎక్కువ పట్టుననియు కుర్రవాండ్ర నమ్మకము. ఇందు సగమే నిజము. బండి మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రములమీది భారము కొంత వెలుపలి చక్రములమీదికి పోవును. మనిషితో కలిసి బండి బరువు 1,050 కిలోలు, దాని గురుత్వకేంద్రము నేలకు 55 సెంటీమీటర్ల ఎత్తు, కుడియెడమ చక్రముల నడిమి దూరము ఒకటిన్నర మీటరు అనుకొందము. మలుపు బలము బండి బరువులో పదింట ఎనిమిది వంతులున్నచో, 1,050ని 0.8 చేతను 0.55 చేతను గుణించి 1.5 చేత భాగింపవలెను. వచ్చునది 308 కిలోలు. ఈ లెక్కలో స్ప్రింగు ఎచటనైన కనబడినదా? దానిని ఎంత బిగించినను ఆ భారము పోక మానదు. బండిని రెండున్నర సెంటీమీటర్లు దింపినచో 308 కాస్త 294 అగును. పదునాలుగు కిలోల లాభము! స్ప్రింగులు నిర్ణయించునదెల్ల, ఆ మొత్తములో ముందు జత ఎంత మోయవలెను, వెనుక జత ఎంత మోయవలెను అనుమాట.

ఆ పదునాలుగు కిలోలకు చెల్లింపవలసిన వెల తక్కువది కాదు. స్విఫ్టు ముందుభాగమున నున్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్టు. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అను అమెరికా ఇంజనీరు కల్పించిన ఈ ఏర్పాటు 1950లో వెలువడిన ఇంగ్లాండు ఫోర్డు కాన్సలు కారునందు కలదు. చౌకది, తేలికది, చోటు తక్కువ తీసికొనునది. అయితే బండిని దింపినకొలది చక్రమును పట్టియుంచు క్రింది ఆర్ము వాలు మారిపోవును. బండి ఏ బిందువు చుట్టు ఒరుగునో ఆ బిందువు బండికంటె ఎక్కువగా క్రిందికి జారును. కనుక ఒరుగుటకు తోడ్పడు దూరము పెరుగును. అదియుగాక చక్రము పైకి లేచుటకు చోటు తగ్గి, రబ్బరు అడ్డు ముందుగనే తగులును. అది గట్టిగా తగిలిన క్షణమున స్ప్రింగు రాయివంటిదగును. మలుపు నడుమ పట్టు తటాలున తప్పును. నాకు తెలిసిన యొకరి బండికి ఎవరో స్ప్రింగు చుట్టొకటి కోసి దింపిరి. జట్కాకైనను కమాను పట్టీలుండెడివి. ఆ బండిలో ప్రయాణము అంతకన్న కష్టము.

స్ప్రింగునకును షాక్ అబ్జార్బరునకును పొందిక యుండవలెను. ఇంటి కారు స్ప్రింగులపై సెకండునకు ఒకటి, ఒకటిన్నరమారులు ఊగును. ఆ ఊగును అణచునది షాక్ అబ్జార్బరు. పాత షాకులపై బిగువు స్ప్రింగులు వేసినచో బండి కప్పవలె గంతులిడును. మారిస్ ఆలీ అను ఆంగ్లేయుడు 1930ల తొలియేండ్లలో అమెరికా జనరల్ మోటార్సు కంపెనీలో ఈ విషయమునే శోధించి, ముందు స్ప్రింగుల ఊగు వెనుకవానికంటె మందముగా నుండవలెనని చూపెను. గతుకు మొదట ముందు చక్రములకు తగులును గదా. వెనుకభాగము ఆలస్యముగా మొదలిడినను త్వరగా ఊగి ముందుదానిని కలిసికొనును. అప్పుడు లోపల కూర్చున్నవారికి తొట్టిలూగినట్లుండదు. అత్తయ్యగారికి ఆలీ పేరు తెలియదు గాని, ఆయన చేసిన మేలు నడుమునకు తెలియును.

చట్టపు మాటయు కలదు. కంపెనీవారు నిర్దేశించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదని 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది; 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానిని గట్టిగా నిలిపెను. పందెమునకే కేటాయించిన బండి సంగతి వేరు. ఈ బండి మరునాడు రోడ్డెక్కవలెను.

“అయితే ఏమియు చేయవద్దందువా?” అని వాడు చిన్నబుచ్చుకొనెను. “చేయవలసినది చాల కలదు, బానెట్టు తెరువుము” అంటిని. ముందు మూలను బలముగా నొక్కి విడిచితిమి. మంచి షాకున్న బండి ఒక్కసారి లేచి నిలువవలెను. ఇది మూడుమారులు ఊగినది. చక్రము విప్పి చూడగా రెండు ముందు షాకులకును నూనె కారియున్నది. క్రింది ఆర్ముల రబ్బరు బుష్షులు పగిలియున్నవి. ఇట్టి బండికి ఖరీదైన స్ప్రింగులు వేయుట, కుంటివానికి కొత్త చెప్పులు కొనుట వంటిది.

రాణీగంజు దుకాణములలో తిరిగి కంపెనీ రకపు షాకులు, వానిపై మౌంటులు, బుష్షులు కొంటిమి. టైర్లు ఆరేండ్లనాటివి, రబ్బరు బిరుసెక్కినది. డబ్బులో సగమునకు పైగా నాలుగు టైర్లకే పోయినది. అందుకు నాకు విచారము లేదు. నేలను తాకునవి అవియే. ఒక్కొక్కటి తాకు చోటు అరచేయి కంటె మిక్కిలి పెద్దది కాదు. చివరకు వీల్ అలైన్‌మెంటు చేయించితిమి.

వెనుక యాంటీరోల్ బారు వేయింతునని వాడు పట్టుబట్టెను. ఇది స్ప్రింగులకంటె తెలివైన కోరికయే. ముందు చక్రములు లాగు బండి మలుపులో వెడల్పుగా పోజూచును. వెనుక బిగించినచో భారమార్పిడి వెనుకకు మరలి ముందు టైర్లకు ఊరట కలుగును. కాని మితిమీరినచో, భయపడి యాక్సిలరేటరు విడిచిన క్షణమున వెనుకభాగము విసరుకొనును. తడిరోడ్డుపై అనుభవము లేనివానికి అది ప్రాణాంతకము. ఇరువది పరుగులైన పిమ్మట చూతమంటిని.

మొన్న నగరము వెలుపలి మైదానమునకు నేనును వెళ్లితిని. మొరము నేల. దింపిన బండ్లు రెండు వచ్చెను. గుంతలలో వాని అడుగులు గీచుకొన్న చప్పుడు గేటువరకు వినబడినది. మావాని మొదటి పరుగునకు 71 సెకండ్లు, అయిదవదానికి 64. ఆ నడుమ బండిలో ఒక్క మర మార్చలేదు. ప్రతి పరుగునకు ముందు వాడు సుద్దముక్కతో టైరు అంచున గీత గీచుచుండెను. నాలుగవ పరుగు పిమ్మట ముందు టైర్ల గీత పూర్తిగా చెరిగిపోయినది. టైరు అంచుమీదికి మడగుచున్నదన్నమాట. ముందు చక్రములలో గాలి రెండు పౌన్లు పెంచి అయిదవదానికి పోయెను. గీత సగము నిలిచినది. ఆ సుద్దముక్క మన పదవతరగతి గదిలోనిదే. ముప్పదివేలలో నాలుగువేలు ఇంకను మిగిలియున్నవి. ఆదివారమునాడు అత్తయ్యగారు బండి దిగుచు, దీనికేమి చేయించినారని అడిగిరి.