అబ్బా ఖలం

అబ్బా ఇంతెఖాల్ తర్వాత ఆయన సందూఖ్‌లో దొరికిందీ ఖలం. రాజమండ్రి రత్నం పెన్ను. అక్కడ 1932 నుంచీ చేస్తున్న స్వదేశీ పెన్ను. ఎబొనైట్‌ది కాబట్టి నలుపు వెలిసి గోధుమరంగుకి తిరిగింది.

లోపల సియాహీ ఎండి గడ్డకట్టింది. ఇలాంటివి దొరికితే వేడినీళ్లు మాత్రం పోయకండి భాయ్, రంగు ఇంకా చెడుతుంది. మూడు రాత్రులు చన్నీళ్లలో నానబెట్టా. నీళ్లు నీలంగా మారుతుంటే, అబ్బా రాయకుండా మిగిల్చిన ఖత్ ఏదో కరిగిపోతున్నట్టు దిల్‌లో కలుక్కుమంది.

డ్రాపర్‌తో సియాహీ నింపి తెలుగులో నా పేరు రాశా. గర్రుమని గీరుకుంది. అదే ఉర్దూలో రాస్తే మఖ్ఖన్‌లా జారింది!

పెన్నులు బాగుచేసే పెద్దాయన అద్దం పెట్టి చూశాడు. "మీ అబ్బాజాన్ ఉర్దూ రాసేవారా సాబ్? కుడి నుంచి ఎడమకి రాసీ రాసీ పాళీ మొన ఒకవైపే అరిగింది. కాస్త సానబడితే తెలుగుకీ బాగుంటుంది."

నా రోజీ-రోటీ తెలుగే. ఉర్దూ మీడియంలో చదివినా, ఇరవై ఏళ్లుగా ఉర్దూలో దస్తఖత్ తప్ప ఏమీ రాయలేదు. అయినా "వద్దు చాచా" అన్నా. సానబడితే పోయేది అబ్బా చెయ్యే కదా.

ఇప్పుడు రోజూ ఇషా తర్వాత అర పేజీ ఉర్దూ రాస్తున్నా. నుఖ్తాలు మర్చిపోతున్నా, ఇమ్లా తప్పులు బోలెడు. బేటీ ఖురాన్ చదువుతుంది గానీ ఉర్దూ రాయడం రాదు. నిన్న పక్కన కూర్చుని, "దాదా ఖలం నాకూ ఇవ్వండి అబ్బూ" అంది. అలిఫ్ బాగానే వచ్చింది. జీమ్ పొట్ట దగ్గర మాత్రం ఇద్దరం తడబడుతున్నాం.