పుదుచ్చేరి నుంచి అక్కకు

శుక్రవారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాను. ఉప్పుగాలికి జుట్టు పీచైపోయింది. సముద్రం, గాంధీ విగ్రహం, పసుపు గోడల వీధులు బావ ఫోనుకు పంపాను, చూసుకో.

అసలు కథ ఆటో తగువు. అరికమేడు ఇక్కడికి నాలుగు కిలోమీటర్లే. పోనూ రానూ ఆరొందలన్నాడు. నా తిరుపతి తమిళంతో నాలుగొందలకు దించాను. తీరా అక్కడ అరగంట ఆగినందుకు ఇంకో నూరట! "రెండువేల ఏళ్ల ఊరయ్యా, అరగంట కూడా వద్దా?" అంటే, "అక్కడ చూడ్డానికి ఏముంది సార్?" అన్నాడు. నూరూ ఇచ్చాను, మాట నిజం కాబట్టి. అరియాంకుప్పం ఏటి గట్టు, మామిడిచెట్లు, కొబ్బరిచెట్లు. నిలబడున్న నాలుగు ఇటుక గోడలూ 18వ శతాబ్దపు ఫ్రెంచి ఫాదిరీలవి. పాత ఊరంతా మట్టి కిందే.

దగ్గర్లో వీరాంపట్టణం, జాలర్ల ఊరు. అక్కడ సెంగళునీర్ అమ్మన్ గుడి. వలలో చిక్కిన దుంగను కట్టెలకు నరకబోతే నెత్తురు కారిందట, ఆవిడే అమ్మవారట. ఆడి నెలలో తేరు. ఫ్రెంచి గవర్నరే వచ్చి లాగేవాడట. మన తిరుపతి గంగమ్మ గుర్తొచ్చింది. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?

శనివారం, వాన

రాత్రి తిన్న రొయ్యల వేపుడు పగ తీర్చుకుంది. మజ్జిగన్నం తప్ప ఏదీ వద్దనిపిస్తోంది, నీ చేతిది అయితే మరీ మంచిది. (బావ నవ్వుతాడు, ఈ ముక్క చదవకు.)

కాస్త నిమ్మళించాక మ్యూజియానికి వెళ్లాను. 1945లో వీలర్ అనే పురావస్తు దొర అరికమేడు తవ్వి, ఇటలీ ఎర్ర పాత్రల పెంకులు, మద్యం జాడీల ముక్కలు చూసి రోమన్ల వర్తకస్థానమన్నాడు. 1989–92లో విమలా బెగ్లీ మళ్లీ తవ్వి, వాళ్లు రాకముందే ఊరుందని తేల్చింది. నాకు ఎందుకో కడుపునొప్పి సగం తగ్గింది.

మన చంటిగాడికి పిచ్చి పట్టించిన పెరూ నాజ్కావాళ్లు లేరూ, ఆ ఎడారి గీతలవాళ్లు? ఇంచుమించు అరికమేడు కాలంవాళ్లే. చనిపోయినవాళ్లను కూర్చోబెట్టి, నూలుగుడ్డ చుట్టి, పక్కన రంగు కుండలు పెట్టేవారు. ఇక్కడా సుత్తుకేణి దగ్గర కసాల్ అనే ఫ్రెంచాయన పాత సమాధులు తవ్వితే కుండలూ ఇనప సామానూ దొరికాయి. నాజ్కాకు రాత లేదు. దేవుళ్లెవరో కుండల మీది బొమ్మల్ని చూసి ఊహించుకోవాలి. అరికమేడులో రాతుంది, కానీ పెంకు మీద బ్రాహ్మీలో గీకింది మనుషుల పేర్లు. అమ్మ స్టీలు గిన్నెల మీద మన పేర్లు కొట్టించిందే, అట్లా! దేవుడికన్నా గిన్నె పోతుందనే బెంగే ఎక్కువేమో.

చివర పూసలు. ఆవగింజంత గాజు పూసలు, ఎరుపు, పసుపు, నీలం. కరిగిన గాజును సన్నని గొట్టంలా లాగి, ముక్కలు కోసి, మళ్లీ కాల్చి గుండ్రం చేసేవారట. ఈ పని మన పాపానాయుడుపేటలో చూశాం కదే, చిన్నప్పుడు కొలిమి దగ్గరికి పోయి నువ్వు తిట్లు తిన్నావు! అద్దాల బీరువా ముందు నేనొక్కణ్ణే నవ్వుకుంటుంటే కాపలావాడు వింతగా చూశాడు.

అమ్మ పూసలదండ తెగితే అల్మారాలో గిన్నెలో పోసి పెట్టింది. నేనొచ్చేదాకా దాన్ని పారేయకు.

నీ తమ్ముడు