కొల్లేటి నుంచి కడలి వైపు... ఒక్క రోజు పడవ ప్రయాణం

తెలుగు సినిమాకి నీళ్ళంటే గోదావరే! 1964లో వచ్చిన 'మూగమనసులు' పడవా, 1973 నాటి 'అందాల రాముడు' లాంచీ మన జ్ఞాపకాల్లో ఇంకా సాగిపోతూనే ఉన్నాయి. అటు కృష్ణకీ ఇటు గోదావరికీ మధ్య పళ్ళెంలా పరుచుకున్న కొల్లేటి వైపు కెమెరా తిరిగింది మాత్రం తక్కువ. దెందులూరు బిడ్డ కె.బి. తిలక్ 1976లో కృష్ణ హీరోగా 'కొల్లేటి కాపురం' తీశారు. ఆ తర్వాత ఎందుకో మనవాళ్ళ దృష్టి మళ్ళీ గోదారి గట్టు మీదికే పోయింది. "కొల్లేటి చాంతాడంత" అని మాటవరసకు వాడుకోవడమే గాని, ఆ నీళ్ళను పట్టించుకున్న వాళ్ళెందరు చెప్పండి?

పోనీ ఈ చుట్టుపక్కల సినిమావాళ్ళకు కొదవా అంటే అదీ లేదు. తొలి తెలుగు టాకీలో నటించి, తర్వాత దర్శకుడిగా, నిర్మాతగా దేశమంతా పేరు తెచ్చుకున్న ఎల్.వి. ప్రసాద్‌ది ఏలూరు పక్కనున్న సోమవరప్పాడు. తాడేపల్లిగూడెంలో మన రేలంగి ఏకంగా సినిమా హాలే కట్టించారు. కొల్లేటి నీళ్ళు సముద్రంలో కలిసే దిక్కున ఉన్న మొగల్తూరు కృష్ణంరాజుకీ చిరంజీవికీ సొంత ఊరు. ఇంతమంది తారల నడుమ ఉన్న సరస్సు కథ ఏమిటో ఒక రోజంతా పడవలో కూర్చుని చూద్దామని, మాఘమాసం చివర ఏలూరులో బస్సు దిగాను.

విదేశాల్లో ఇదొక సరదా. డబ్బు కట్టి గైడును పెట్టుకుంటారు. తీరం దాటకుండా ఉప్పునీటి పాయల్లో రోజంతా గాలాలు వేస్తారు. చేప పడితే దాంతో ఫొటో దిగి, మళ్ళీ నీళ్ళలో వదిలేస్తారు. మన దగ్గర గైడంటే చేపల మీద బతికే మనిషే! ఆయన పట్టిన చేపను వదిలేస్తే ఆ పూట పొయ్యి వెలగదు. ఈ తేడా మనసులో పెట్టుకుని తక్కిన కథ చదవండి.

ఫస్టాఫ్: మంచినీరు

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రోడ్డు కొల్లేటిని చీల్చుకుంటూ పోతుంది. పెదఎడ్లగాడి వంతెన దాటేసరికి ఇంకా చీకటే. ఎదురుగా ఐసు నీళ్ళు కారుకుంటూ చేపల లారీలు వస్తున్నాయి. ఇక్కడి చెరువుల్లో పెరిగిన బొచ్చెలూ శీలావతులూ వాటిల్లోనే కలకత్తా దాకా ప్రయాణం చేస్తాయి.

నన్ను తీసుకెళ్ళడానికి ఒప్పుకున్న పెద్దమనిషికి యాభై అయిదేళ్ళుంటాయి. పుట్టింది లంక గ్రామంలో, పెరిగింది నీళ్ళ మీద. నేను "బాబాయ్" అంటే ఆయన "బాబుగారూ" అన్నాడు. వెంట ఆయన రెండో కొడుకు కూడా వచ్చాడు. డిగ్రీ పూర్తి చేసిన కుర్రాడు. చేతిలో తెడ్డు, నోట్లో కొత్త సినిమా పాట!

మేమెక్కింది తాటి దోనె. తాటిమొద్దును నిలువునా చీల్చి, లోపలి గుజ్జంతా తొలిచేసి చేస్తారు. పెద్ద బరువులకైతే రెండు దోనెలు జోడించి కడతారు. ఒంటి దోనెలో కూర్చోవడం సైకిలు తొక్కడం లాంటిది. బెదిరితే పడతాం, బెదరకపోతే అదే నిలబడుతుంది. గెడ వేస్తూ బాబాయ్ ఒకటే మాటన్నాడు: "కదలకండి బాబుగారూ, కబుర్లు మాత్రం ఎన్నైనా చెప్పండి."

తూర్పు ఎర్రబడుతుంటే మొదటి మావు ఎత్తారు. మావు అంటే వెదురు పుల్లలతో అల్లిన బుట్ట. లోపలికి వెళ్ళడానికే గాని బయటికి రావడానికి దారుండదు. చేపలు తిరిగే చోట రాత్రే పెట్టి వస్తారు. మొదటి దాంట్లో చిన్న రొయ్యలు, రెండు జెల్లలు. రెండో దాంట్లో నాచు తప్ప ఏమీ లేదు. మూడో దాంట్లో ఏదో టపటపలాడింది. కొరమీను!

ఈ చేప మన హీరోల లాంటిది, ఓ పట్టాన చావదు. మొప్పలతో పాటు నీటి పైకొచ్చి గాలి కూడా పీలుస్తుంది. అందుకే నీళ్ళు తగ్గి బురదైపోయినా బతకగలదు. పిల్లలు గుంపుగా ఈదుతుంటే తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. తెలంగాణ ప్రభుత్వం 2016లో దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. దీని చుట్టమనదగ్గ గొరక ఇంకా గడుసుది, తడి నేల మీద పాకుతూ ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి మారిపోతుంది.

ఎండెక్కేసరికి దూరంగా తెల్లటి గుంపు లేచింది. గూడబాతులు! వీటికి ఇక్కడ పాత చరిత్రే ఉంది. 1946లో కేరళకు చెందిన పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమగోదావరి జిల్లా ఆరేడు గ్రామంలో ఇవి గుంపులుగా గూళ్ళు పెట్టడం చూసి లోకానికి తెలియజేశారు. 1970ల నాటికి ఆ గూళ్ళు మాయమైపోయాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో అటవీశాఖ వాళ్ళు నీళ్ళలో ఇనుప స్టాండ్లు నిలబెడితే, వాటి మీద గూళ్ళు పెట్టి పిల్లల్ని పెంచుతున్నాయి. చెట్టు లేకపోతే ఇనుమైనా సర్దుకున్నాయి పాపం!

"మేవూ అంతేనండి" అన్నాడు కుర్రాడు నవ్వుతూ. "అన్నయ్య చెరువు కాడ కాపలా, నేను వచ్చే నెల చెన్నై దగ్గర కంపెనీలో చేరతన్నా."

బాబాయ్ గెడ వేస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

అసలు కథేమిటంటే...

ఏడాదికోసారి కొల్లేరు ఉప్పొంగుతుంది, మళ్ళీ కుంచించుకుపోతుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదంతా ముందు ఇక్కడికే చేరాలి. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు నీళ్ళు కూడా ఇటే వచ్చాయి. వచ్చిన నీరు బయటికి పోవాలంటే ఉన్న పెద్ద దారి ఒక్కటే, ఉప్పుటేరు. సుమారు అరవై కిలోమీటర్లు సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

1970లలో ప్రభుత్వమే జాలరుల సొసైటీలకు చేపల చెరువులు తవ్వించి ఇచ్చింది. లాభం కనిపించేసరికి పెట్టుబడి ఉన్నవాళ్ళు దిగారు. గట్టు పక్కన గట్టు లేచింది. సరస్సు గళ్ళ నుడికారం బల్లలా తయారైంది! 1999లో కొల్లేటిని అభయారణ్యంగా ప్రకటించారు. ఐదడుగుల కాంటూరు దాకా, అంటే సుమారు 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చెరువు గట్లను యంత్రాలతో, మందుగుండుతో బద్దలుకొట్టారు. పాత పద్ధతిలో వలలూ మావులూ వేసుకునే వాళ్ళకు అడ్డు లేదు. కాని తర్వాత చాలా చోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

"గట్టు పడితే మాకూ నాలుగు డబ్బులొచ్చాయండి, అబద్ధవెందుకు?" అన్నాడు బాబాయ్. "లీజు డబ్బు ఏడాదికోసారి. నీళ్ళు పోయింది మాత్రం ఒకేసారి."

ఈ నేల మీద పల్లెల కథలు రాసినవాళ్ళూ ఉన్నారు. 'భద్రం కొడుకో' తీసిన దర్శకుడు అక్కినేని కుటుంబరావు తను ఎరిగిన కొల్లేటిని 'కొల్లేటి జాడలు' నవలగా రాశారు. సినిమాగా తీయదగ్గ పాత కథ కూడా ఒకటి ఇక్కడి వాళ్ళ నోట్లో ఉంది. లాంగుల్య గజపతిరాజు కొల్లేటికోటలో కోట కట్టుకున్నాడు. చుట్టూ నీళ్ళు, శత్రువులు చేరలేకపోయారు. నీటిని సముద్రంలోకి తోడేయాలని శత్రు సేనాపతి కాలువ తవ్వించాడు. పని నెరవేరాలని కన్నకూతుర్నే బలిచ్చాడట! ఆ కాలువే ఉప్పుటేరనీ, ఆ పిల్ల పేరనే 'పేరంటాళ్ళ కనుమ' అన్నారనీ చెబుతారు. అదే కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి గుడి ఉంది. ఫాల్గుణమాసం రాగానే జాతర. కుర్రాడి చెన్నై ప్రయాణం కూడా జాతర అయ్యాకే!

సెకండాఫ్: ఉప్పునీరు

గట్టు మీద కూర్చుని, ఇంటి నుంచి వచ్చిన క్యారేజీ విప్పాం. అన్నం, చింతపండు పులుసులో ఉడికిన జెల్లలు. ఏలూరులో ఏ హోటలూ పెట్టలేని భోజనం! తిన్నాక, "సగవే చూశారండి, మిగతా సగం కిందనుంది" అన్నాడు బాబాయ్. మొగల్తూరు వైపు ఉప్పుటేటి దిగువన ఆయన బావమరిదికి ఇంజను పడవ ఉంది. ఆకివీడు, భీమవరం మీదుగా రోడ్డున వెళ్ళి మధ్యాహ్నం మూడు దాటాక అక్కడ పడవెక్కాం.

అక్కడ గాలి వాసనే వేరు. తామరాకులు లేవు, తుంగ లేదు. గట్ల వెంట బూడిద రంగు బురద, అందులో ఎర్ర పీతలు. ఏట్లో నీళ్ళు వేలితో ముట్టి నాలిక మీద పెట్టుకుంటే చక్కటి ఉప్పు. అమావాస్య దగ్గర పడింది కాబట్టి పోటూ పాటూ రెండూ జోరుగా ఉంటాయని చెప్పారు. సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో లాగితే సముద్రం అంత పైకీ లేస్తుంది, అంత కిందికీ దిగుతుంది.

మేం వెళ్ళేసరికి పాటు. ఏరు సముద్రం వైపు పరుగెడుతోంది. బావమరిది ఇంజను ఆపేసి, పడవను ఒక మలుపులో కట్టేశాడు. గాలానికి బతికున్న రొయ్యను గుచ్చి వదిలి, "ఇప్పుడు తినదండి. నీళ్ళు తిరగాల" అన్నాడు. గంటసేపు నీళ్ళు తిరగడం కోసం కూర్చున్నాం. సినిమా హాల్లో కరెంటు పోతే ఎదురుచూసినట్టు!

అయిదు గంటల వేళ, గట్టు పక్కన తేలే గడ్డిపరక ఒకటి ఆగింది. కాసేపు ఎటూ కదల్లేదు. తర్వాత మెల్లగా వెనక్కి, కొల్లేటి వైపు నడవడం మొదలెట్టింది. పోటు వచ్చింది!

అప్పుడు చూడాలి. పోటుతో పాటు కొయ్యింగలు గుంపులుగా ఎక్కుతుంటే నీటి మీద సన్నగా గీతలు పడుతున్నాయి. కుర్రాడు చొక్కా తీసి, విసురువల అంచు పళ్ళతో పట్టి, భుజం మీద మడతలేసుకుని, ఒక్క తిప్పు తిప్పాడు. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, సీసపు గుళ్ళన్నీ ఒకేసారి నీళ్ళను తాకాయి. రిహార్సల్ లేదు, రీటేకు లేదు. లాగితే ఏడెనిమిది వెండిముక్కలు!

అంతలో గాలం తాడు సర్రున సాగింది. పండుగప్ప! పడవకు పది గజాల దూరంలో నీళ్ళలోంచి లేచి, తల విదిలించి, మళ్ళీ పడింది. బావమరిది తాడు వదులుతూ, లాగుతూ, మళ్ళీ వదులుతూ పది నిమిషాలు ఆడించాడు. పైకొచ్చాక తూచి చూస్తే రెండున్నర కిలోలు. ఆ రోజు మొత్తం సంపాదనలో సగం పైగా ఆ ఒక్క చేపదే.

నీళ్ళ దారి

పొద్దు వాలుతుంటే బాబాయ్ వలలో చిక్కిన ఒక రొయ్యను నా అరచేతిలో పెట్టాడు. నీలం రంగు పొడుగాటి కాళ్ళు. నీలకంఠ రొయ్య. దీని సంగతి వింటే మీరూ ఆశ్చర్యపోతారు. ఇది పెరిగేది మంచినీళ్ళలో. గుడ్లు పొదిగే కాలానికి ఉప్పు కలిసిన నీటికి దిగుతుంది, పిల్లలు బతకాలంటే ఆ ఉప్పు తగలాల్సిందే. కాస్త పెద్దవయ్యాక ఆ పిల్లలు ఏటికి ఎదురీది మళ్ళీ మంచినీళ్ళకు పోతాయి. పుట్టిల్లు ఉప్పుటేరు, అత్తారిల్లు కొల్లేరు అన్నమాట!

ఇక్కడే ఉంది చిక్కు. పైనుంచి మంచినీరు తగ్గితే సముద్రం లోపలికి చొరబడుతుంది. ఎండాకాలం ఉప్పు ఎగువకు పాకితే పొలాలకూ తాగే నీటికీ చేటు. అందుకే ఉప్పుటేటి మీద రెగ్యులేటర్లు కట్టి మంచినీటిని నిలపాలన్న మాట ఎన్నో ఏళ్ళుగా ఉంది. అది న్యాయమైన కోరికే. కాని తలుపులు పూర్తిగా మూసేస్తే పోటుతో పైకొచ్చే రొయ్యపిల్లా, కొయ్యింగా ఎటు పోవాలి? "కట్టమనండి, మాకూ ఉప్పొద్దు" అన్నాడు బాబాయ్. "కాని పోటు వేళ కాసింత తలుపు తీసుంచమనండి."

పొద్దున దోనెలో ఒకటీ, సాయంత్రం పడవలో ఒకటీ చూశాననుకున్నాను. చూసింది ఒకటే నీరు. ఎగువన గట్టు కట్టినా, దిగువన తలుపు మూసినా ఆగిపోయేది ఈ రాకపోకలే. అవి ఆగితే వల ఎంత అందంగా విసిరితే ఏం లాభం?

చూడాలనుకునే వాళ్ళకు రెండు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. రైల్లో అయితే ఏలూరులో గాని, భీమవరం లైనులో కైకలూరు, ఆకివీడు స్టేషన్లలో గాని దిగవచ్చు. తాడేపల్లిగూడెం వాళ్ళకు గణపవరం మీదుగా దారి. పక్షుల కోసం ఆటపాకలో అటవీశాఖ పడవలున్నాయి. దోనె ఎక్కాలంటే లంకల్లో ఎవరినైనా మర్యాదగా అడగండి, వాళ్ళ పని చెడకుండా వెళ్ళండి, రోజు కూలి ఇవ్వడం మరిచిపోకండి. ప్లాస్టిక్ సంచీ నీళ్ళలో వేశారో, బాబాయ్ మిమ్మల్ని కూడా అక్కడే దింపేస్తాడు!

రేవులో చేపలు పంచుకున్నారు. పండుగప్ప బావమరిది వాటా, కొయ్యింగలు వీళ్ళవి. కుర్రాడు వలను నీళ్ళలో జాడించి, ఒక చోట చిరిగిందని చూసి, సెల్‌ఫోను వెలుగులో కూర్చుని కుట్టడం మొదలెట్టాడు. వచ్చే నెల వెళ్ళిపోయేవాడివి నీకెందుకోయ్ అని అడిగాను.

"నాన్న వెయ్యాలి కదండీ" అన్నాడు.