పెట్రోలు మూత

భద్రాచలం నుండి తిరుగు ప్రయాణం. సారపాకలో పెట్రోలు పోయించుకుని అడవి దారి పట్టాము. పాల్వంచ చేరేసరికి కారంతా పెట్రోలు వాసన. దిగి చూద్దును కదా, ట్యాంకుకు మూత లేదు! బంకులో దాన్ని విప్పి కారుపైన పెట్టినది నాన్నే. కొత్తగూడెంలో ముప్పయ్యేళ్ళు బొగ్గు లారీలు నడిపిన మనిషి.

తన తువ్వాలు కుక్కబోయారు. వారించాను, పెట్రోలు పీల్చిన గుడ్డకూ దీపపు వత్తికీ తేడా ఏముంది? ఆదివారం సాయంత్రం కావడంతో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. పైరేకు మూసి, అద్దాలు దించి, నెమ్మదిగా ఖమ్మం చేరాము. దారి పొడవునా నాన్న బీడీ ముట్టించలేదు, మాట్లాడనూ లేదు.

మారుతి 800 తయారీ 2014లోనే ఆగిపోయినా, మర్నాడు మూత సులువుగానే దొరికింది. ఇంటి ముందు కూర్చుని గొట్టం అంచు తుడిచి, రబ్బరు వలయం సరిచూసి, బిగించాను. మరలు సరిపోతే చాలదు సుమండీ! ఇంధనం తరిగేకొద్దీ ట్యాంకులోకి గాలి రావాలి; ఆవిరి మాత్రం బయటికి పోకూడదు. అందుకోసం మూతలోనే చిన్న కవాటం ఉంటుంది. గాలి దారి మూసుకుపోతే దూరప్రయాణంలో బండి మొరాయిస్తుంది. నా చిన్నతనంలో లారీ ట్యాంకు చూపి గాలి సంగతి చెప్పినది కూడా నాన్నే.

కొత్త మూతకు తాళంచెవులు రెండు వచ్చాయి. అలవాటుగా ఒకటి నాన్న చేతికిచ్చాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, నా చొక్కా జేబులో వేశారు.

"నీ దగ్గరే ఉండనీరా. నేనెక్కడ పెడతానో నాకే తెలియదు."