వానలో పర్లాకిమిడి దారి

బరంపురం నుంచి పర్లాకిమిడి వెళ్ళడానికి రెండు దారులున్నవి. అందరూ వెళ్ళేది మొదటిది. యిచ్ఛాపురం, పలాస, టెక్కలి మీదుగా పాతపట్నం చేరితే అక్కడికి పర్లాకిమిడి కూతవేటు దూరం. రెండవది కొండదారి. దిగపొహండి దాటి, తప్తపాణి ఘాటీ యెక్కి, మోహన, చంద్రగిరి, ఆర్. ఉదయగిరి మీదుగా దిగాలి. మా నాన్నగారు బతికున్నన్నాళ్ళూ రెండవ దారినే వెళ్ళారు. “మొదటి దారిలో లారీలుంటాయి, రెండవ దారిలో చెట్లుంటాయి” అనేవారు. 1970లో ఆయన కొన్న బుల్లెట్ మోటారు సైకిలు యిప్పటికీ మా యింట్లో వుంది. దాని మీదనే మొన్నటి శ్రావణంలో నేనూ, మా మేనల్లుడూ బయలుదేరాము.

బస్సులో వెళ్ళవచ్చును గదా అని మీరడుగుతారు. మా చెల్లెలూ అదే అడిగింది. కాని ఆ ప్రయాణం వేరు. పర్లాకిమిడిలో మా తాతగారు కట్టించిన పెంకుటిల్లు మర్నాడు పదకొండు గంటలకు చేతులు మారుతున్నది. యిన్నాళ్ళూ అందులో మా పిన్ని ఒక్కతే వుంటూ వచ్చింది. ఆమె కొడుకు నాగపూరులో వుద్యోగం. తల్లిని తనతో తీసుకుపోతున్నాడు. అతను తెల్లవారు రైలుకి పలాసలో దిగుతాడు. ఆ ఆఖరి రాత్రి పిన్నిని ఆ యింట్లో ఒంటరిగా వుంచకూడదని నా పట్టుదల. ఆ బండి మొదట వచ్చి నిలిచినది ఆ యింటి అరుగు ముందే. మరొక్కసారి అక్కడ నిలబెట్టాలని నాకు కోరిక. పైకి మాత్రం యీ రెండవ కారణం యెవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలు చేసి బయలుదేరినప్పుడు యెండ కాస్తున్నది. తప్తపాణి బరంపురానికి సుమారు యాభై కిలోమీటర్లు. అక్కడి వేడినీటి బుగ్గ దగ్గర గంధకపు వాసన వానలో మరీ ఘాటుగా వుంటుంది. చర్మవ్యాధులు పోతాయని జనం వచ్చి స్నానాలు చేస్తారు. మేము ఆగలేదు. ఘాటీ పైకి యెక్కేసరికి మబ్బు మా కాళ్ళ దగ్గరికి దిగింది. మోహన దాటాక వాన కాదు, కుండపోత. రోడ్డుకి అడ్డంగా ఒక కల్వర్టు మీద నీళ్ళు మోకాలికి కాస్త కిందుగా పారుతున్నాయి. నాలాంటివాడు అక్కడ ఆగవలసింది. ఆగలేదు. నీళ్ళలో నుంచి అవతలికి వచ్చాము గాని, వచ్చిన ఇరవై గజాలకు యింజను రెండు సార్లు దగ్గి వూరుకుంది.

యిక్కడ నేను చేసిన తెలివితక్కువ పని దాచకుండా చెబుతాను. వానలో నిలబడి కిక్కు కొట్టాను. ఇరవై సార్లో, పాతిక సార్లో. మేనల్లుడు “మావయ్యా, నేను కొట్టనా?” అని తనూ ఒక పది కొట్టాడు. చివరికి ఘుమ్మని పెట్రోలు వాసన వచ్చింది. అప్పుడు గాని నాన్నగారి మాట గుర్తు రాలేదు. “తడిసిన బండిని ముందు తుడవాలిరా, తరవాత తన్నాలి” అనేవారు ఆయన.

రోడ్డు పక్కన తాటాకు పాక ఒకటి కనిపిస్తే బండిని అక్కడికి తోసుకుపోయాము. పాకలో ఒక ముసలావిడ నిప్పుల మీద మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నది. చంద్రగిరి ప్రాంతానికి 1963లో టిబెట్టు శరణార్థులు వచ్చి స్థిరపడ్డారు. వాళ్ళు పండించే మొక్కజొన్న ఆ రోడ్డు పొడుగునా అమ్ముతారు. ఆవిడ మాత్రం యీ దేశపు మనిషే. “మావుసీ, కాస్త చోటు” అని ఒడియాలో అడిగితే, బల్ల మీది గంప దించి చోటిచ్చింది.

యిప్పుడు కథలోని అసలు సంగతికి వస్తాను. తడిసిన మోటారు సైకిలు కదలకపోవడానికి కారణాలు లెక్కలేనన్ని వున్నట్లు తోస్తుంది గాని, నిజానికి నీరు చేరే చోట్లు మూడో నాలుగో. ప్లగ్గు మీది క్యాపు, దానికి వచ్చే తీగ, పాయింట్లు, కార్బురేటరు. గాలి వడపోసే ఫిల్టరు తడిసినా చిక్కే. యివి వరుసగా చూసుకోవాలి. మన పాత బుల్లెట్టుకి ఒక వరముంది. హెడ్‌లైటు పైన అమ్మీటరు. తాళం తిప్పి, కిక్కుని చేత్తో మెల్లగా అదుముతూ ముల్లు వంక చూడండి. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు యెడమకు వాలుతుంది, విడిపోయినప్పుడు మధ్యకు వస్తుంది. ముల్లు అసలు కదలకపోతే పాయింట్ల మధ్య తడో మట్టో వున్నట్టు, లేదా బ్యాటరీ పని అయిపోయినట్టు. కదిలితే అంతవరకు విద్యుత్తు చక్కగా వస్తున్నది, దొంగ ప్లగ్గు వైపు వున్నాడన్నమాట.

మా ముల్లు చక్కగా వాలి, చక్కగా లేచింది. మేనల్లుడికి ఆ ముల్లు నచ్చింది. “డాక్టరు నాడి చూసినట్టుంది మావయ్యా” అన్నాడు. వాడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఒడియా, యింగ్లీషు గడగడ చదువుతాడు గాని తెలుగు అక్షరాలు కూడబలుక్కుంటాడు. యింట్లో మాట్లాడే తెలుగు మాత్రం మా అమ్మ తెలుగే.

ప్లగ్గు విప్పితే నల్లగా, పెట్రోలుతో తడిసి వచ్చింది. అది మా ఇరవై కిక్కుల ఫలం. గుడ్డతో బాగా తుడిచి, తడి వాసన పోయాక, బండిని నిప్పుకి దూరంగా వుంచి, ప్లగ్గు ఒక్కటీ మావుసీ చేతికిచ్చాము. ఆవిడ దాన్ని పొత్తుల పక్కన యినుప రేకు మీద వుంచి పుల్లతో అటూ ఇటూ దొర్లించింది. ఈలోగా తాళం తీసేసి, పెట్రోలు కుళాయి కట్టేసి, యాక్సిలేటరు పూర్తిగా తిప్పి, ప్లగ్గు లేకుండా పది కిక్కులు కొట్టాను. సిలిండరులో నిలిచిన పెట్రోలు అలా బయటికి పోతుంది. కార్బురేటరు గిన్నె అడుగు మర విప్పి సీసా మూతలో పట్టి చూస్తే నీటి బొట్లు లేవు. పెట్రోలు కంటె నీరు బరువు కాబట్టి, వుంటే అడుగున ముత్యాల్లా దొర్లుతుంది. యిప్పటి పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు. అది కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. ఆ హద్దు మించితే రెండూ కలిసి అడుగుకి దిగిపోతాయి. అందుచేత వర్షాకాలంలో నెలల తరబడి ట్యాంకులో పెట్రోలు నిలవ వుంచడం నాన్నగారి రోజుల్లో కంటె యిప్పుడు యెక్కువ ప్రమాదం.

ప్లగ్గు ఆరింది. క్యాపుకి తగిలించి, యింజను రెక్కల మీద ఆనించి, ప్లగ్గు రంధ్రానికి దూరంగా వుంచి, రంధ్రంలో గుడ్డ కుక్కి, కిక్కు కొట్టమన్నాను. రంధ్రంలో నుంచి వచ్చే పెట్రోలు ఆవిరికి నిప్పురవ్వ తగిలితే భగ్గుమంటుంది. యీ జాగ్రత్త మరవకూడదు. పాకలో చీకటి పడుతున్నది కాబట్టి కనిపించింది. రవ్వ ప్లగ్గు కొసన పడటం లేదు. క్యాపు మీద సన్నని బీటలో నుంచి నీలం దారంలా పాకి బయటికే పోతున్నది. ఆ బీట నేను వేసవిలోనే చూశాను. “వానలకి ముందు మార్చాలి” అనుకున్నాను. మార్చలేదు.

కొత్త క్యాపు యెక్కడ దొరుకుతుంది? నాన్నగారి పనిముట్ల పెట్టెలో పానాలు, ఒక కత్తి, పాత సైకిలు ట్యూబు ముక్క వున్నవి. క్యాపు తీసేశాను. తీగ కొస అరంగుళం కోసి, లోపలి రాగి పోగులు మెరిసేదాకా గీరి, ప్లగ్గు తల మీది చిన్న నట్టు విప్పి, ఆ మరకి పోగులు చుట్టి నట్టు బిగించాను. పైన వాన పడకుండా ట్యూబు ముక్కని ఫ్రేముకి చూరులా కట్టాము. వాన కూడా తుంపరలోకి దిగింది. డీకంప్రెషను పిడి పట్టి పిస్టను పై కొస దాటించి, పిడి వదిలి, ఒక్క కిక్కు. రెండవది. మూడవ దానికి యింజను గుబగుబ మన్నది. మావుసీ నవ్వి రెండు పొత్తులు మా చేతుల్లో పెట్టింది. డబ్బు తీసుకోనన్నది. ప్లగ్గు కాల్చినందుకు కూలి యెంత అని మేనల్లుడు అడిగితే ఆవిడ మరీ నవ్వింది.

చీకట్లో ఆర్. ఉదయగిరి దాటాము. నీళ్ళలో దిగి వచ్చిన బండికి బ్రేకులు నమ్మకూడదు. కాస్త దూరం బ్రేకు మెల్లగా అదిమి పట్టి నడిపితే డ్రమ్ములో తడి ఆరుతుంది. ఆ పని చేసిన తరవాతనే దిగుడు మొదలు పెట్టాను. రోడ్డుకి రెండు వైపులా సవర పల్లెలు, అక్కడక్కడ ఒక దీపం. యీ పల్లెల భాష నేర్చుకోవడానికే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు యీ అడవుల్లో తిరిగారు. జ్వరాలకి మింగిన క్వినైనాతో ఆయన చెవులు పోయాయి. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో సవర-యింగ్లీషు నిఘంటువు వచ్చాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం యేర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆయన యీ వూరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మా తాతగారు వెళ్ళలేదు. వెళ్ళినవారిదీ, వుండినవారిదీ తప్పు లేదని నాన్నగారు అనేవారు. యిదంతా మేనల్లుడికి వెనక్కి తిరిగి అరిచి చెప్పాను. గాలికి యెంత వినిపించిందో తెలియదు. ఉన్నట్టుండి వాడు, “మరి మనం రేపు వెళ్ళిపోతున్నట్టా, వుండిపోయినట్టా?” అన్నాడు. నాకు జవాబు తోచలేదు. బరంపురంలో వున్నాం గదా అన్నాను.

పది దాటాక వీధిలో తిరిగాము. కరెంటు లేదు. పిన్ని లాంతరు పెట్టుకుని అరుగు మీదే కూర్చుంది. బండి చప్పుడు వీధి మొదట్లోనే పోల్చుకుందట.

“ఇంత రాత్రేటిరా నాన్నా! తడిసి ముద్దయిపోయారు. ఫోనైనా చెయ్యకూడదూ?”

“కొండల్లో ఫోను పలకదు పిన్నీ.”

“బస్సులో రావలసింది. నీకూ మీ నాన్నకీ ఒకటే మొండి.”

చారూ అన్నం, వేయించిన వడియాలు. సామానంతా మూటలు కట్టేసి వుంది. మిగిలినవి రెండు కంచాలు, ఒక గిన్నె. ఆమె గిన్నెలోనే తిన్నది. రాత్రంతా పెంకుల మీద వాన. వంటింటి మూల ఒక చోట కారుతుంటే, “రేపటి నుంచి యిది వాళ్ళ కారడం” అన్నది పిన్ని, బక్కెట్టు జరుపుతూ.

తెల్లవారి పిన్ని కొడుకు వచ్చాడు. పదింటికి బయలుదేరాలి. బండి రాత్రంతా చూరు కింద వున్నా తడి గాలికి అంతా చెమ్మగిల్లింది. గుడ్డ కోసం వెతుకుతుంటే, పిన్ని మూటలో నుంచి ఒక పాత నేత చీర తీసి, కొంగు వైపు జానెడు చింపి యిచ్చింది.

“బావగారూ యింతే. వానాకాలం వస్తే ఆయన బండికి నా చీరలే కావాలి.”

తీగ తుడిచాను, ప్లగ్గు తుడిచాను, పాయింట్ల మూత తీసి లోపల తుడిచాను. ముల్లు చూడమని మేనల్లుడికి చెప్పాను. “వాలింది మావయ్యా” అన్నాడు. వాడినే కొట్టమన్నాను. మొదటి కిక్కుకే అందుకుంది.

ఆ చప్పుడుకి యెదురింటి వాళ్ళు కిటికీ తీసి చూశారు. పిన్ని తలుపు గొళ్ళెం పెట్టి, తాళం వేసి, తాళంచెవిని ఆ చీర ముక్క మిగిలిన దానిలో చుట్టి కొడుకు చేతికిచ్చింది. రిక్షా ఆఫీసు వైపు కదిలింది. మేము వెనక మెల్లగా నడిపాము.